మాత్రల డబ్బా చెప్పే పాఠం

రోగిని చూపించి బోధించడం వైద్యవిద్యలో పాత పద్ధతి. రోగి చేతనే బోధింపజేయడం కొత్తది. మొదటి పద్ధతిలో రోగి పాఠ్యవస్తువు మాత్రమే. రెండవ దానిలో ఆయనే ఉపాధ్యాయుడు. ఔషధశాస్త్ర విద్యార్థులకు ఈ రెండవ పద్ధతి ఎంత అవసరమో తెలియాలంటే కాపెల్ పట్టణంలోని ఏ తెలుగు ఇంటి వంటగది అరను తెరిచి చూసినా చాలు.

చాలాకాలం ఫార్మసీ చదువంటే రసాయనశాస్త్రమే. నూరడం, కలపడం, తూచడం నేర్పేవారు. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు, ఫార్మసిస్టు బాధ్యత మందు చేతికివ్వడంతో ముగియదనీ, దానివల్ల రోగికి కలిగే ఫలితం వరకు సాగుతుందనీ ప్రతిపాదించారు. అదే ఏడు చేసిన ఒక చట్టం, 1993 నుండి మెడికెయిడ్ రోగులకు మందుల సంగతి వివరిస్తామని ఫార్మసిస్టులు తామే ముందుకు వచ్చి అడగాలని నిర్దేశించింది. వివరించాలంటే ముందు వినడం రావాలి కదా! ఆ విద్య ప్రయోగశాలలో దొరకదు.

1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే వైద్యుడు రోగిగా నటించడంలో తర్ఫీదు ఇచ్చిన మనిషిని విద్యార్థుల ముందుంచాడు. నేడు ఫార్మసీ కళాశాలలలోనూ ఈ నటరోగులు కనిపిస్తారు. మంచి సాధనమే. కాని నటరోగికి ఇచ్చిన పాత్రే తెలుసు. ఇంట్లో మాత్రల డబ్బా ఉండదు.

కాపెల్‌కు సుమారు ముప్పై మైళ్ళ దూరంలోని ఫోర్ట్ వర్త్‌లో, నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆరోగ్య విజ్ఞాన కేంద్రంలో 2013లో ఫార్మసీ కళాశాల ప్రారంభమైంది. ఆ కేంద్రం నడిపిన 'సేజ్' అనే కార్యక్రమంలో వైద్య, ఔషధ విద్యార్థులు జట్లుగా వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి, వారి వద్దనే వార్ధక్యాన్ని గురించి నేర్చుకున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోనైతే దీర్ఘవ్యాధితో జీవిస్తున్న వ్యక్తి పదహారు నెలలపాటు ఒక విద్యార్థి బృందానికి గురువుగా ఉండే ఏర్పాటు చేశారు.

అటువంటి జట్టు ఒక తెలుగు ఇంటికి వచ్చిందనుకుందాం. ఆరు నెలలుండడానికి హైదరాబాదు నుండి వచ్చిన తల్లిగారు మోకాళ్ళ నొప్పికి డోలో-650 వేసుకుంటారు. రాత్రి జలుబుకని కొడుకు తెచ్చిన అమెరికా సిరప్ తాగుతారు. మొదటి దానిపై పారాసెటమాల్ అని, రెండవ దానిపై ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. రెండూ ఒకే పదార్థం. పారా-ఎసిటైల్-అమినో-ఫినాల్ అన్న ఒకే రసాయననామం నుండి ఒక దేశం కొన్ని అక్షరాలు, మరొక దేశం మరికొన్ని అక్షరాలు ఏరుకున్నాయి, అంతే. పెద్దలకు రోజుకు 4,000 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. తెలియకుండా అది దాటితే దెబ్బతినేది కాలేయం.

గ్లిమెపిరైడ్ వేసుకునే పెద్దాయన ఏకాదశినాడు ఉపవాసముండి మాత్ర మాత్రం మానరు; రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వార్ఫరిన్ వాడే మరొకరు ఊళ్ళో రోజూ తోటకూర తిని, ఇక్కడ దొరకక మానేస్తారు. ఆకుకూరలలోని కె-విటమిన్ తగ్గగానే మందు ప్రభావం పెరిగి రక్తస్రావానికి దారితీయవచ్చు. పాఠ్యపుస్తకం ఆకుకూరల సంగతి చెబుతుంది. ఏకాదశి ఎప్పుడో, తోటకూర ఎందుకు మానేశారో చెప్పగలిగేది ఆ పెద్దలే.

భాష ఒక చిక్కు. సాధారణంగా మనవడో మనవరాలో దుబాసీగా కూర్చుంటారు. మలబద్ధకం, మూత్రపు ఇబ్బంది, డబ్బు మిగల్చడానికి సగం మాత్ర వేసుకోవడం వంటివి ఏ తాతగారు మనవడి నోట చెప్పిస్తారు? పిల్లల వద్ద దాచేవి పరాయి విద్యార్థి వద్ద దాచనక్కరలేదు. అందుకే తెలుగు వచ్చిన ఫార్మసీ విద్యార్థి జట్టులో ఉండడం మేలు.

భారతదేశంలో 2008లో ఆరేళ్ళ ఫార్మ్-డి కోర్సు మొదలయ్యాక విద్యార్థులు ఆసుపత్రి వార్డులలో అడుగుపెట్టారు. ఇక్కడి తెలుగు సంఘాలు ఆరోగ్య శిబిరాలలో రక్తపోటు కొలవడంతో ఆగక, దగ్గరలోని కళాశాలలను పిలిచి, పెద్దలను మందుల సంచులతో సహా రమ్మనవచ్చు. అయితే వచ్చేవారికి తాము పరీక్షకు కాక, బోధించడానికి వచ్చామని ముందే తెలియజెప్పాలి. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా ఉండే హక్కు వారిదే. ఇక విద్యార్థి "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే ప్రతి పెద్దా "ఆఁ" అనే అంటారు. "నిన్న ఏవి వేసుకున్నారో చూపిస్తారా అండీ?" అంటే సంచి విప్పుతారు.