పరార్ధమనగా ఎంత?



ఒకమారు ఉపన్యాసవేదికపై బ్రహ్మదేవుని పగటి ప్రమాణమును నల్లబల్లమీద వ్రాయుచు మేము ఒక సున్నను విడిచితిమి. సభలోని బాలుడొకడు లేచి, "తాతగారూ, ఒక సున్న తగ్గిందండీ" అనెను. సున్న ఒక్కటే, లోపించినవి మాత్రము 388 కోట్ల 80 లక్షల సంవత్సరములు! ఆ బాలుని మాట మాకు ఉపదేశమైనది.

ఇట్టి పొరపాటు రాకుండుటకు గణితమున సులభమార్గము కలదు. ఎన్ని పదులను ఒకదానితోనొకటి గుణింపవలెనో ఆ అంకెను 10కి కుడివైపున పైన చిన్నదిగా వ్రాయుదురు. అదియే ఘాతాంకము. 10×10×10 అనగా వేయి, అది 10³. కలియుగము 4,32,000 సంవత్సరములు, అనగా 4.32×10⁵. మహాయుగము దానికి పదిరెట్లు, 4.32×10⁶. వేయి మహాయుగములు ఒక కల్పము. ఆరునకు మూడు కూడగా 4.32×10⁹, అనగా 432 కోట్లు. అంకెలు మారలేదు, ఘాతాంకమే మారినది.

ఈ వ్రాత వేదములోనే కలదని కొందరందురు. అట్లు చెప్పుట తగదు. ఘాతాంకమును పైన వ్రాయు పద్ధతిని 1637లో ఫ్రాన్సు దేశీయుడైన డెకార్ట్ తన గ్రంథమున వాడి ప్రచారమునకు తెచ్చెను. లేనిదానిని ఆరోపించిన వేదమునకు గౌరవము హెచ్చదు; ఉన్నదే మిక్కిలి గొప్పది. పదేసి రెట్లుగా పెరుగు మెట్లకు శ్రుతి నామములొసగినది. శుక్లయజుర్వేదమున అగ్నిచయనపు ఇటుకలు తనకు ధేనువులు కావలెనని యజమానుడు ప్రార్థించు మంత్రమున ఏక, దశ, శత, సహస్ర, అయుత, నియుత, ప్రయుత, అర్బుద, న్యర్బుద, సముద్ర, మధ్య, అంత, పరార్ధములు వరుసగా వచ్చును. ఏకము 10⁰, పదుమూడవదైన పరార్ధము 10¹².

భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతిలో స్థానములు పదునెనిమిది. అచట పరార్ధము 10¹⁷. ఇక నిత్యము సంకల్పములో మనము చెప్పుకొను ద్వితీయపరార్ధము వేరు. అది బ్రహ్మాయుర్దాయమున రెండవ సగము, మానవమానమున 1.5552×10¹⁴ సంవత్సరములు.

పేరు ఒకటే, ప్రమాణములు మూడు. కావున ఏది సత్యమని కలహింపవలదు. ఏ గ్రంథమున, ఏ సందర్భమున చెప్పబడినదో చూచి ఘాతాంకమును నిర్ణయింపవలెను. రేపు సంకల్పము చెప్పునప్పుడు ఆ పదమువద్ద ఒక్క క్షణము నిలిచి ఈ కాలప్రమాణమును తలపుడు. అంతటి కాలములో మన నూరేండ్లు 10² మాత్రమే. ఆ కొలదికాలమును వ్యర్థము చేయకుందము.

స్వస్తి.