తునికాకు కట్ట నుంచి 4.5 లక్షల కోట్ల పీకల దాకా

150 తాటిచెట్ల ఎత్తు! భద్రాచలం మన్యంలో ఒక్క స్టాండర్డ్ బ్యాగు తునికాకుతో కట్టే బీడీల లెక్క ఇది. కట్టకు 50 ఆకులు, బ్యాగుకు 1,000 కట్టలు, మొత్తం 50 వేల ఆకులు. ఆకుకు ఒక్క బీడీ చొప్పున, 6 సెంటీమీటర్ల బీడీలను ఒకదానిపై ఒకటి నిలబెడితే 3 కిలోమీటర్లు. ఇది ఒక్క బ్యాగు సంగతే!

ఏడాదిలోకెల్లా ఎండలు మండే రోజులే తునికాకు సీజన్. వేసవికి ముందు కొత్త ఆకు కోసం కొమ్మకొట్టుడు, ఏప్రిల్-మే నెలల్లో సేకరణ. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల అడవుల్లో కోయ కుటుంబాలు తెల్లవారకముందే బయల్దేరతాయి. మధ్యాహ్నానికి ఆకు ఇంటికి, సాయంత్రానికి కట్టలు కల్లానికి. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి చేతులూ పడితేనే ఆ కట్టలు తయారవుతాయి. ప్రపంచంలోకెల్లా ప్రాణాంతకమైన సరుకుల్లో ఒకదానికి ముడిసరుకు తెచ్చేది అడవిలోకెల్లా పేద చేతులు. ఆ కష్టానికి గౌరవం దక్కాలి. ఆ చేతులకు వేరే బతుకుదెరువూ చూపాలి.

ఇక పొగాకు లోకంలోని రికార్డులు. వేగంలో మొనగాడు సిగరెట్ యంత్రం. ఆధునిక యంత్రం నిమిషానికి 20 వేల దాకా చుడుతుంది. ఇంట్లో కూర్చుని వెయ్యి బీడీలు చుట్టడానికి ఒక తల్లికి రోజంతా పడుతుంది. యంత్రానికి 3 సెకన్లు!

చురుకులో నికోటిన్ కూడా తక్కువేం కాదు. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది.

దేశంలో ఎక్కువమంది కాల్చేది సిగరెట్టు కాదు, బీడీ. 2016-17 జాతీయ సర్వేలో బీడీ తాగే పెద్దలు 7.7 శాతం, సిగరెట్టు తాగేవారు 4 శాతం. బీడీలో పొగాకు తక్కువ కాబట్టి హాని తక్కువంటారు. పచ్చి అబద్ధం! తునికాకు గాలి సోకనివ్వదు, బీడీ ఊరికే ఆరిపోతుంది, గట్టిగా, మాటిమాటికీ దమ్ము లాగాల్సిందే. తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టును మించి లోపలికి వెళతాయి.

వింతల్లో వింత శ్రీకాకుళం అడ్డపొగ. చుట్ట నిప్పు నోటి లోపల, చల్లని కొస బయట! ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించారు. అంగిలి క్యాన్సర్‌కు ఈ నిప్పు పెద్ద కారణం.

పొగాకు వాడకం ఆనవాళ్లలో వయసులో పెద్దవి అమెరికాలోని యూటా ఎడారిలో దొరికిన కాలిన పొగాకు గింజలు: 12,300 ఏళ్లు. పరిమాణంలో చిన్నదీ పొగాకు గింజే, గ్రాముకు 10 వేల పైచిలుకు.

దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీ. 1910లో ఇంపీరియల్ టొబాకో పేరుతో కలకత్తాలో పుట్టింది. దాని భారీ పేపర్ బోర్డు మిల్లు భద్రాచలానికి ఎదురొడ్డున, సారపాకలోనే ఉంది.

ప్రపంచంలోకెల్లా పెద్దది చైనా ప్రభుత్వ పొగాకు సంస్థ. భూమ్మీద తయారయ్యే సిగరెట్లలో 40 శాతానికి పైగా దానివే.

చెత్తలో రికార్డు సిగరెట్ పీకలది: ఏటా 4.5 లక్షల కోట్లు. ఫిల్టర్ దూదిలా కనిపిస్తుంది కానీ ప్లాస్టిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పొగాకు ఏటా 60 కోట్ల చెట్లను, 2,200 కోట్ల టన్నుల నీటిని మింగుతోంది.

అన్నిటికన్నా భయపెట్టే అంకె మరణాలది. ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా. అందులో లక్షలాది మంది ఒక్క దమ్మూ లాగనివాళ్లు, పక్కవాడి పొగ పీల్చినవాళ్లు. మన దేశంలో ఏటా 13 లక్షలకు పైగా, అంటే గంటకు దాదాపు 150 మంది. 20వ శతాబ్దంలో పొగాకు తీసిన ప్రాణాలు 10 కోట్లు. ఇలాగే సాగితే ఈ శతాబ్దంలో 100 కోట్లు!

ఊరటలో మొదటి స్థానం 20 నిమిషాలది. ఆఖరి దమ్ము తర్వాత అంతలోనే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. 34 వేల మందికి పైగా బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్లు గమనించి 2004లో తేల్చిన లెక్క ఇదీ: పొగ తాగేవారి ఆయుష్షులో సగటున 10 ఏళ్లు కోత. 30 ఏళ్ల వయసులో మానితే ఆ పదేళ్లూ దాదాపుగా తిరిగొస్తాయి. 40లో మానితే 9, 50లో 6, 60లో మానినా 3 ఏళ్లు.