కుళాయి కొనేముందు... డాబా ఎక్కండి!

వేలు పోసి తెచ్చిన మిక్సర్ ట్యాప్. వంటింటికే కొత్త కళ వచ్చిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తీరా తిప్పి చూస్తే... సన్నటి ధార! బిందె నిండేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. పై అంతస్తుల్లో ఉండేవాళ్లకు బాగా తెలిసిన తంతే ఇది. ప్లంబర్ని తిట్టుకుని లాభం లేదు. చాలాసార్లు తప్పు కుళాయిది కాదు, ఎంపికది.

మన ఇళ్లలో ఎక్కువగా నీళ్లొచ్చేది డాబా మీది ట్యాంకు నుంచే. ఆ నీటికి ఒత్తిడి ఎత్తు వల్ల వస్తుంది. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కన్నా 10 మీటర్లు పైనుంటే దాదాపు 1 బార్ ఒత్తిడి. అంటే మీటరుకు 0.1 బార్. ట్యాంకు పైకప్పు మీదే కూర్చుంటే, దాని కిందే ఉన్న వంటింటికి దక్కేది రెండు, రెండున్నర మీటర్ల ఎత్తే... 0.25 బార్‌కు మించదు. రెండంతస్తులు దిగితే మరో ఆరు మీటర్లు కలిసొస్తాయి. ట్యాంకు ఒక్కటే... కింద ధార, పైన దారం!

అందుకే షోరూముకు వెళ్లేముందు చిన్న పరీక్ష చేయండి. పాత కుళాయిని పూర్తిగా తిప్పి లీటరు సీసా పట్టండి. 10 సెకన్లలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు వస్తున్నట్టు. వంటింటికి ఇది చాలు. 15 సెకన్లు దాటితే ఆలోచించాల్సిందే. ముందు కుళాయి మూతికున్న జాలీ విప్పి చూడండి. బోరు నీటి ఉప్పు పేరుకుని ఉండొచ్చు. కాసేపు వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది.

అప్పటికీ ధార పెరగకపోతే, కొనబోయే ట్యాప్‌కు కనీసం ఎంత ఒత్తిడి కావాలో పెట్టె మీద చూడండి, లేదా దుకాణదారుని అడగండి. 0.5 బార్, 1 బార్ కావాల్సినవీ ఉంటాయి. లాగితే బయటికొచ్చే షవర్ రకాలకు సాధారణంగా ఒత్తిడి ఎక్కువే కావాలి. ఒత్తిడి తక్కువున్న ఇంటికి లోపలి దారి వెడల్పుగా ఉండే, రెండు పిడుల మామూలు మిక్సర్ నయం.

మరో సంగతి. చన్నీళ్లు ప్రెషర్ పంపు నుంచి, గీజర్‌కు నీళ్లు ట్యాంకు నుంచి వస్తుంటే బలమైన ధార రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. వేడినీళ్లే రావు! రెండు పైపులకూ ఒకేచోటి నుంచి నీళ్లివ్వాలి.

ట్యాంకును మీటరు ఎత్తు దిమ్మె మీద పెడితే పెరిగేది 0.1 బారే కావచ్చు. కానీ 0.2 ఉన్నచోట అది సగం అదనం! అయితే వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. దిమ్మె ఎక్కడ కట్టాలో ఇంజినీరునడగండి. అదీ కుదరకపోతేనే ప్రెషర్ పంపు. కరెంటు పోతే అది ఆగిపోతుందని మాత్రం మరవొద్దు.

తళుకు చూసి కాదు... ట్యాంకు ఎత్తు చూసి కొంటేనే కుళాయి!