పక్షవాతానికి జాతిభేదం ఉందా?

సికింద్రాబాద్ అంటేనే ఓ కలగూరగంప. 1806లో బ్రిటిష్ పటాలం విడిదిగా మొదలై, మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఊరిది. సైన్యం వెంట తమిళ మొదలియార్లు వచ్చారు. వ్యాపారం కోసం మార్వాడీలు, గుజరాతీలు, పార్శీలు వచ్చారు. రైల్వే కొలువులతో ఆంగ్లో ఇండియన్లు మెట్టుగూడ, లాలాగూడల్లో స్థిరపడ్డారు. తెలుగువాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు సరేసరి. ఒకరింట్లో సాంబారు, పక్కింట్లో దాల్‌బాటీ, ఎదురింట్లో ధన్‌సాక్! మరి ఇన్ని రకాల మనుషులున్నచోట పక్షవాతం అందరి తలుపూ ఒకేలా తడుతుందా? లేక పుట్టుక చూసి వస్తుందా?

వైద్యులు చాలాకాలంగా వేసుకుంటున్న ప్రశ్నే ఇది. జవాబు... కొంత అవును, చాలావరకు కాదు!

పూడిక ఎక్కడ?

మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. తెల్లజాతివాళ్లలో ఈ పూడిక ఎక్కువగా మెడలోని కెరోటిడ్ ధమనిలో కనిపిస్తుంది. ఆసియావాసుల్లో, నల్లజాతీయుల్లో మాత్రం పుర్రె లోపలి నాళాలు ఇరుకవడం ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం రోగుల వివరాలు నమోదుచేసి 2002లో ప్రచురించిన పరిశీలనలోనూ ఇదే తేలింది. నాళాలు మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారిలో సుమారు 40 శాతం మందికి పెద్ద ధమనుల్లో పూడికే కారణం. అందులోనూ పుర్రె లోపలి నాళాలదే పెద్ద వాటా.

ఇది చిన్న తేడా కాదు. మెడలోని పూడికను అవసరమైతే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు. మెదడులోని సన్నటి నాళాలను అలా కోసి శుభ్రం చేయడం కుదరదు. కాబట్టి మందులు, బీపీ, షుగర్ అదుపే మనకు ప్రధాన రక్ష.

రక్తం ఒకటే... రాత వేరు

అమెరికాలో నల్లజాతీయులకు తొలిసారి పక్షవాతం వచ్చే ముప్పు తెల్లవాళ్లకన్నా దాదాపు రెట్టింపు. ఇదంతా జన్యువుల మహిమేనా? 2003లో మొదలై 30 వేలమందికి పైగా పరిశీలించిన 'రిగార్డ్స్' అధ్యయనం కాదంటోంది. అదనపు ముప్పులో సగం దాకా బీపీ, మధుమేహం, పొగతాగడం, పేదరికం లాంటి కారణాలే ఉన్నాయట.

జపనీయుల సంగతి మరీ ఆసక్తికరం. స్వదేశంలో ఉన్నవారినీ, హవాయి, కాలిఫోర్నియాలకు వలసెళ్లినవారినీ 'నిహోన్‌సాన్' అధ్యయనం పోల్చి చూసింది. జపాన్‌లో ఉండిపోయినవారిలో పక్షవాతం ఎక్కువ. కాలిఫోర్నియా చేరినవారిలో గుండెజబ్బు ఎక్కువ. అంటే జాతి ఒకటే, ఊరు మారితే జబ్బు మారింది! జపాన్‌లో 1951 నుంచి 1980 దాకా ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నది పక్షవాతమే. తర్వాత ఉప్పు తగ్గించుకుని, బీపీని పట్టి అదుపు చేసుకున్నాక మరణాలు బాగా తగ్గాయి. అక్కడ జన్యువులు మారలేదు, వంటింటి అలవాట్లు మారాయి.

సన్నగా ఉన్నా...

మరి మన సంగతి? పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ మిత్రుడు యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ ఒక్కటే... 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! 2004లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయిన ఈ పోలిక ప్రపంచాన్ని ఆకట్టుకుంది. చూడటానికి సన్నగా ఉన్నా మనకు పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. దాంతో మధుమేహం త్వరగా వచ్చి, నాళాలు త్వరగా దెబ్బతింటాయి. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తున్నారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 మించకూడదు.

పల్లెల్లో కష్టం చేసేవాళ్లకు ఇవేవీ రావనుకుంటే పొరపాటే. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది.

పుట్టుకతో వచ్చేదీ ఉంది

ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధి జన్యువుల ద్వారానే వస్తుంది. కొడవలిలా వంగిన రక్తకణాలు మెదడు నాళాలను దెబ్బతీస్తే చిన్నపిల్లలకూ పక్షవాతం రావచ్చు. కేంద్రం 2023లో సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ పరీక్ష చేయించుకుంటే బిడ్డలకు ముప్పు ముందే తెలుస్తుంది.

మిగతా అందరి విషయంలో మాత్రం పగ్గాలు చాలావరకు మన చేతుల్లోనే ఉన్నాయి. మనదేశం సహా 32 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌స్ట్రోక్' అధ్యయనం 2016లో అదే చెప్పింది. పక్షవాతం ముప్పులో 90 శాతం దాకా పది కారణాలవల్లే. అవన్నీ మార్చుకోదగ్గవే. వాటిలో మొదటిది బీపీ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలంటోంది. అంటే సుమారు ఒక టీస్పూను. కూరలో ఉప్పు, పక్కన ఆవకాయ, పైన అప్పడం... అన్నీ కలిపే ఈ లెక్క!

గడియారం చూడండి

మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం... హఠాత్తుగా వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సమయాన్ని గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే ఇవ్వాలి. స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేలాకే దాన్నిస్తారు. కాబట్టి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. పసరు మందులంటూ, పావురం రక్తమంటూ తిరిగితే విలువైన సమయం కాస్తా చేజారిపోతుంది.

తాతకు వచ్చింది కాబట్టి మనకూ తప్పదనీ, మన వంశంలో లేదు కాబట్టి రాదనీ అనుకోవద్దు. 30 దాటిన ప్రతి ఒక్కరూ ఓసారి బీపీ చూపించుకోండి. ఇంట్లో ఆడవాళ్లకీ చూపించండి!