బోధకు ముందు వినుట

చదువునం దాసక్తి తగ్గి, ఆటపాటలు రుచింపక, పిలిచినను పలుకక కూర్చుండు విద్యార్థిని సోమరి యనుట సులభము. ఈ దిగులు నేటి పాఠశాలలలో పుట్టినది కాదు. మడికి సింగన తెనుగుచేసిన యోగవాసిష్ఠము ఇట్టి యువకుని కథతోనే మొదలగుచున్నది.

మూలగ్రంథమున శ్రీరాముడు పదునారేండ్లు నిండని వాడు. తీర్థయాత్రనుండి తిరిగివచ్చిన కొంతకాలమునకు చిక్కిపోయెను. చెక్కిట చేయిచేర్చి మౌనముగ కూర్చుండును. పరిచారకులు బ్రతిమాలిననే గాని నిత్యకృత్యములకు లేవడు. తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని యడిగినను ఏమియు లేదని తప్పించుకొనును.

అంతలో యాగరక్షణకై రాముని కోరుచు విశ్వామిత్రుడు వచ్చెను. కర్తవ్యము జ్ఞాపకము చేసి మందలించుటకు ఆయనకంటె అర్హు డెవడు? కాని ఆయన మందలింపలేదు. రాముని సభకు రప్పించి, మనసులోని బాధ యేమో చెప్పుమని యడిగెను. సంపద, ఆయువు, బాల్యము, యౌవనము ఒక్కొక్కదానినిగూర్చి రాముడు తన నిరాశను వెళ్లబోసికొనెను. సభ నిశ్శబ్దముగ వినెను. ఆరు ప్రకరణములలో మొదటిదైన వైరాగ్యప్రకరణమున అధికభాగము ఈ వేదనయే. వసిష్ఠుని బోధ ఆ తరువాతనే. ఆ బోధలోను మొదట వచ్చునది పురుషప్రయత్నము. దైవమును నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుండరాదనుట.

నేటి మనశ్శాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. ఉత్సాహము కలిగినపిమ్మట పని చేయుదమని వేచియున్నచో అది రాదు. చిన్నపనితో మొదలిడినచో ఉత్సాహము దానివెంట వచ్చును. ఒక పుట చదువుట, పది నిమిషములు నడచుట, ఒక మిత్రునితో మాటాడుట, ఇంతమాత్రము చాలును. అయితే దిగులుతో క్రుంగినవానికి ఈ సలహా చెవి కెక్కవలెనన్న ముందుగా వానిమాట వినువారుండవలెను.

ఇచట ఒక భేదము మరువరాదు. రాముని వైరాగ్యము వివేకమువలన కలిగినదని ఋషులు గుర్తించిరి. ప్రతి విద్యార్థి దిగులును అట్టిదే యనుకొనుట ప్రమాదము. రెండు వారములైనను దిగులు వీడకున్నను, నిద్రాహారములు చెడినను వైద్యుని చూపవలెను. చావుమాట వినబడినచో ఒక్కదినమైనను ఆగరాదు. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యతో రేయింబవళ్లు ఉచితముగ ఫోను చేయవచ్చును. వైద్యసహాయము కోరుట పిరికితనము కాదు, అదియు పురుషప్రయత్నమే.

వసిష్ఠునంతటి జ్ఞానము ప్రతి ఉపాధ్యాయునకు ఉండనక్కరలేదు. గంట మ్రోగిన తరువాత వెనుక బల్లమీద ఒంటరిగ మిగిలిన బాలునిచెంత కూర్చుండి, వాడు చెప్పునది తుదివరకు వినగల ఓర్పు ఉన్న చాలును.