కొలిమి అడగని వడపోత పొర

పింగాణీ జాతికి చెందిన వడపోత పొరల చరిత్ర అణు పరిశ్రమలో మొదలైంది. యురేనియం వాయువులోని ఐసోటోపులను వేరుచేసేందుకు సాధించిన సూక్ష్మరంధ్రాల పరిజ్ఞానమే 1980లలో పాలు, పళ్లరసాలు, మురుగునీరు వడగట్టే పనిలోకి వచ్చింది. ప్లాస్టిక్ పొరలు తట్టుకోలేని వేడినీ, ఘాటైన రసాయనాలనూ ఇవి తట్టుకుంటాయి. ధరే ఎక్కువ. అల్యూమినా పొడి గట్టిగా అతుక్కోవాలంటే 1,200 డిగ్రీలు దాటిన కొలిమి కావాలి.

కొలిమి లేకుండా గట్టిపడే ఖనిజాల కథ వేరేచోట నడిచింది. 1950లలో కీవ్‌లో విక్టర్ గ్లుఖోవ్‌స్కీ ఇనుము తీసే కొలుముల చిట్టాన్ని (స్లాగ్‌ను) క్షారంతో కలిపి సిమెంటు లాంటి పదార్థం చేశారు. 1970ల ఆరంభంలో ఫ్రాన్స్‌లో ఘోర అగ్నిప్రమాదాలు జరిగాక, మండని పదార్థం కోసం వెతికిన రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ డావిడోవిట్స్ ఈ కుటుంబానికి జియోపాలిమర్ అని పేరు పెట్టారు.

థర్మల్ విద్యుత్ కేంద్రాల ఫ్లై యాష్, అంటే పొగతో ఎగిరే బూడిద, దీనికి చక్కటి ముడిసరుకు. బాయిలర్‌లో 1,300 డిగ్రీలకు పైబడిన వేడికి బొగ్గులోని మట్టి కరిగి, పొగతోపాటు పోతూ చప్పున చల్లారి గాజు పూసలవుతుంది. క్రమం లేని ఆ గాజును కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణం సులువుగా కరిగిస్తుంది. విడివడిన సిలికాన్, అల్యూమినియం పరమాణువులు ఆక్సిజన్ వంతెనలతో మళ్లీ వలగా అల్లుకుంటాయి. 60-80 డిగ్రీల వేడిలో ముద్ద గట్టిపడుతుంది. లోపలి నీరు వెళ్లిపోయిన చోట సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి; వాటివల్లే ఇది వడపోత పొరగా పనికొస్తుంది. పెద్ద రంధ్రాలు కావాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. పులిసిన ఇడ్లీ పిండిలా అది పొంగుతుంది.

ఈ వలలో ప్రతి అల్యూమినియం దగ్గరా ఒక రుణావేశం ఉంటుంది. దాన్ని సరితూచే సోడియం అయాన్లు, నీటిలోని సీసం లాంటి భారలోహాలకు చోటిచ్చి తప్పుకుంటాయి. అంటే ఈ పొర మలినాన్ని అడ్డుకోవడమే కాదు, కొంత విషాన్ని పట్టి ఉంచుతుంది కూడా.

చిక్కులూ ఉన్నాయి. బొగ్గు మారితే బూడిద కూర్పు మారుతుంది. తొందరగా ఆరబెడితే పొర పగులుతుంది. మిగిలిపోయిన క్షారాన్ని బాగా కడగకపోతే నీటిలోకి దిగుతుంది. గాఢమైన ఆమ్లాలు వలను తినేస్తాయి. అందుకే ఈ పొరలపై పని ఇప్పటికీ ఎక్కువగా ప్రయోగశాలల్లోనే సాగుతోంది.

మన బొగ్గులో బూడిద సుమారు 30 నుంచి 45 శాతం. రామగుండం, ఇబ్రహీంపట్నం కేంద్రాల బూడిద ఇటుకలకూ, సిమెంటుకూ ఇప్పటికే పోతోంది. అయితే అది కొలిమి ఖర్చు ఒకసారి తీరిపోయిన సరుకు; అంతకంటే విలువైన పనికి తగినది. ఈ పొరల చిక్కులు విప్పే పనిని మన ఇంజనీరింగ్ కాలేజీలు చేపట్టాలి.