ఉంచేదెవరిని? పంపేదెవరిని?

2025 ఆగస్టు 28. కొత్త సీజన్ తొలి మ్యాచ్‌కు సరిగ్గా వారం ఉందనగా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ మైకా పార్సన్స్‌ను గ్రీన్‌బే ప్యాకర్స్‌కు ఇచ్చేసింది. అతని వయసు 26. బంతి విసిరే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను ఊపిరి తీసుకోనివ్వని ఆటగాడు. బదులుగా డాలస్‌కు దక్కింది రెండు ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు), కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ ట్యాకిల్. ప్యాకర్స్ వెంటనే పార్సన్స్‌తో నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. సరిగ్గా నెలకు అదే పార్సన్స్ ప్రత్యర్థి జెర్సీలో డాలస్ స్టేడియానికి వచ్చాడు. ఆ మ్యాచ్ 40-40తో టై అయింది. ఆ ట్రేడ్ మంచిదా చెడ్డదా అన్న గొడవను అది కూడా తీర్చలేకపోయింది.

కౌబాయ్స్ కేంద్ర కార్యాలయం ఉన్నది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊళ్లలో అదొకటి. అక్కడ పెరిగిన పిల్లలకు ఈ ఆట కొట్టిన పిండి. వాళ్లతో కలిసి టీవీ ముందు కూర్చునే పెద్దలకు మాత్రం మైదానంలో జరిగేది నెమ్మదిగా అర్థమైనా, ఫిబ్రవరిలో ఫైనల్ మ్యాచ్ సూపర్‌బౌల్ ముగిశాక జరిగే తతంగం అంతుపట్టదు. నిన్నటిదాకా జై కొట్టినవాణ్ని మార్చిలో ఎందుకు పంపించేస్తారు? పేరు కూడా వినని వాణ్ని ఎందుకు ఉంచుకుంటారు? ఈ ప్రశ్నల చుట్టూ అభిమానుల్లో, కొన్నిసార్లు విశ్లేషకుల్లోనూ, కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి.

అపోహ: డబ్బున్న యజమాని ఎవరినైనా ఉంచుకోగలడు

ఉంచుకోలేడు. ఆటగాళ్ల మీద జట్టు పెట్టే ఖర్చుకు ఈ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1994 నుంచి ‘శాలరీ క్యాప్’ అనే గట్టి హద్దు పెట్టింది. మొదటి ఏడాది అది 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్లు. జరిమానా కట్టి హద్దు దాటే సదుపాయం అమెరికా బేస్‌బాల్‌లో ఉందేమో గానీ ఇక్కడ లేదు. 32 జట్లకూ ఒకటే గీత. ప్రపంచంలోనే అత్యంత విలువైన క్రీడా జట్టుగా ఫోర్బ్స్ జాబితాల్లో ఏటా కనిపించే కౌబాయ్స్ చివరిసారి సూపర్‌బౌల్ గెలిచింది 1996 జనవరిలో. డబ్బుతోనే కప్పు వచ్చేదైతే యజమాని జెర్రీ జోన్స్ ఇంట్లో ఈపాటికి అల్మరాలు చాలేవి కావు.

అపోహ: ఆడలేనివాణ్ని తీసేస్తే ఆ జీతం మిగిలిపోతుంది

అభిమానులు అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జేబులో పడే డబ్బు లెక్క వేరు, క్యాప్ లెక్క వేరు.

ఒక ఊహా ఒప్పందం తీసుకుందాం. ఐదేళ్లు, సైనింగ్ బోనస్ 4 కోట్ల డాలర్లు. ఆ బోనస్ ఆటగాడి ఖాతాలో తొందరగానే పడిపోతుంది. కానీ క్యాప్ పుస్తకంలో దాన్ని ఏడాదికి 80 లక్షల చొప్పున ఐదేళ్లకు పంచి రాస్తారు. మూడో ఏడాది అతని జీతం 1.2 కోట్లు, దానికి గ్యారంటీ లేదు అనుకుందాం. జట్టులో ఉంచుకుంటే ఆ ఏడాది క్యాప్‌లో అతని భారం 2 కోట్లు. మార్చిలో తీసేస్తే? జీతం 1.2 కోట్లు మిగులుతుంది, నిజమే. కానీ ఇంకా రాయాల్సిన మూడేళ్ల బోనస్ వాటా, అంటే 2.4 కోట్లు, ఒక్కసారిగా ఆ ఏడాది నెత్తిన పడుతుంది. ఉంచుకుంటే 2 కోట్లు, పంపిస్తే 2.4 కోట్లు! ఆడని ఆటగాడి పేరు మీద క్యాప్‌లో ఉండిపోయే ఈ మొత్తాన్నే ‘డెడ్ మనీ’ అంటారు. జూన్ 1 తర్వాత తీసేసినట్టు చూపిస్తే ఆ ఏడాది 80 లక్షలే పడుతుంది, మిగతా 1.6 కోట్లు వచ్చే ఏడాదికి జరుగుతాయి. భారం తగ్గదు, వాయిదా పడుతుంది, అంతే. ఈ వెసులుబాటును జూన్ రాకముందే వాడుకోవాలంటే ఏడాదికి ఇద్దరు ఆటగాళ్లకే అనుమతి.

ఐపీఎల్ రిటెన్షన్ జాబితాలు చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడే తికమకపడతారు. 2025 సీజన్ కోసం సన్‌రైజర్స్ క్లాసెన్‌ను 23 కోట్ల రూపాయలకూ, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్ల రూపాయలకూ అట్టిపెట్టుకున్నప్పుడు, వదిలేసినవాళ్ల జీతం జట్టు పర్సులోకి తిరిగి వచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా రాదు.

దీనికి చరిత్రలోనే ఖరీదైన ఉదాహరణ డెన్వర్‌ది. బ్రాంకోస్ 2022లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌తో ఐదేళ్లకు 24.5 కోట్ల డాలర్ల పొడిగింపు రాసుకున్నారు. అది అమల్లోకి రాకముందే, 2024 మార్చిలో అతన్ని తీసేశారు. రెండేళ్ల మీద పడిన డెడ్ మనీ 8.5 కోట్లు. అందరూ డెన్వర్ పని అయిపోయిందన్నారు. ఆ ఏడాదే కొత్త కుర్రాడు బో నిక్స్‌తో జట్టు 10 గెలిచి, 7 ఓడి, 2015 సీజన్ తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, ఆ డబ్బు కోసం ఆటను కూడా పోగొట్టుకోకూడదని డెన్వర్ తెగించింది. చాలామంది మేనేజర్లకు ఆ తెగువ ఉండదు.

అపోహ: స్టార్ పోతే జట్టు కుప్పకూలుతుంది

ఒక్కోసారి కూలుతుంది, ఒక్కోసారి కూలదు. తేడా ఎక్కడుందో చూడాలి.

2022 మార్చిలో కాన్సస్ సిటీ చీఫ్స్ టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చి ఐదు డ్రాఫ్ట్ పిక్‌లు తీసుకుంది. హిల్ ఆట ఏమాత్రం తగ్గలేదు. మయామీలో మొదటి ఏడాది 1,710 యార్డులు, రెండో ఏడాది 1,799 యార్డుల పాస్‌లు అందుకున్నాడు. మరి ఆ రెండేళ్లూ సూపర్‌బౌల్ గెలిచింది ఎవరు? చీఫ్సే. హిల్ కోరుకున్న జీతం ఇవ్వకుండా మిగుల్చుకున్న చోటుతో, వచ్చిన పిక్‌లతో వాళ్లు డిఫెన్స్‌ను యువకులతో నింపారు. కార్నర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌డఫీ అలా వచ్చినవాడే. పైగా బంతి విసిరే ప్యాట్రిక్ మహోమ్స్ అక్కడే ఉన్నాడు. పదేళ్లకు 45 కోట్ల డాలర్లతో అతన్ని 2020లోనే కట్టిపడేశారు.

న్యూయార్క్ జెయింట్స్ కథ దీనికి తలకిందులు. 2023లో క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్లు రాసిచ్చి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీని ఒక్క ఏడాది ఆపే ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’తో సరిపెట్టారు. 2024 మార్చిలో అతన్ని వదిలేశారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ మూడేళ్లకు 3.775 కోట్లకు ఎగరేసుకుపోయింది. జెయింట్స్ కార్యాలయంలో ఈ చర్చంతా ‘హార్డ్ నాక్స్’ కార్యక్రమం కెమెరాలకు దొరికింది. బార్క్‌లీ ఫిలడెల్ఫియాకు వెళితే తనకు నిద్ర పట్టడం కష్టమని యజమాని జాన్ మారా జనరల్ మేనేజర్ జో షేన్‌తో అనడం దేశమంతా చూసింది. సీజన్ మొదలు కాకముందు ప్రసారమైన మాట అది! ఆ తర్వాత బార్క్‌లీ ఒక్క సీజన్‌లో 2,005 యార్డులు పరిగెత్తాడు. తన 28వ పుట్టినరోజున, 2025 ఫిబ్రవరి 9న, సూపర్‌బౌల్ గెలిచాడు. జెయింట్స్ 3 గెలిచి 14 ఓడారు. జోన్స్‌ను నవంబరులోనే సాగనంపారు.

అలాగని బార్క్‌లీ జెయింట్స్‌లోనే ఉండి ఉంటే 2,005 వచ్చేవా? అనుమానమే. ముందు దారి చేసే ఈగిల్స్ లైన్ అప్పుడు లీగ్‌లోకెల్లా బలమైన వాటిలో ఒకటి. జెయింట్స్ తప్పు బార్క్‌లీకి డబ్బు ఇవ్వకపోవడం కాదు, ఆ డబ్బు జోన్స్‌కు ఇవ్వడం.

అపోహ: వయసు మీద పడితే వదిలేయాల్సిందే

రన్నింగ్ బ్యాక్‌ల విషయంలో ఈ మాట వేదవాక్యంలా చలామణీ అవుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే వాళ్లు తినే దెబ్బలు మరెవరూ తినరు. కానీ లెక్కించాల్సింది వయసు ఒక్కటే కాదు. టాడ్ గర్లీకి రామ్స్ 2018లో 4.5 కోట్ల గ్యారంటీతో పొడిగింపు ఇచ్చి 2020లో తీసేశారు. అప్పటికి అతనికి పాతికేళ్లే, దెబ్బతీసింది మోకాలు. ఎజికియల్ ఎలియట్‌కు కౌబాయ్స్ 2019లో ఆరేళ్లకు 9 కోట్లు రాసి, 2023లో 27 ఏళ్ల వయసులో పంపించారు. మరోవైపు టెనెసీ వదులుకున్న డెరిక్ హెన్రీని బాల్టిమోర్ రెండేళ్లకు 1.6 కోట్లకే తెచ్చుకుంది. 2024లో, ముప్పై ఏళ్ల వయసులో, అతను 1,921 యార్డులు పరిగెత్తాడు. 42 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని న్యూ ఇంగ్లండ్ ఆపలేదు. తర్వాతి సీజన్‌లోనే అతను టాంపా బేకు సూపర్‌బౌల్ తెచ్చిపెట్టాడు, న్యూ ఇంగ్లండ్ 7-9తో ఇంటిదారి పట్టింది.

అపోహ: ఆగితే చవగ్గా వస్తాడు

ఆగినకొద్దీ ధర పెరుగుతుంది. ఏటా క్యాప్ పెరుగుతోంది, పక్క జట్టువాడు తన క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చే కొత్త ధరే ఇక్కడి బేరానికి మొదటి అంకె అవుతుంది. ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే అస్త్రంతో ఆటగాణ్ని ఒక ఏడాది కదలకుండా ఆపవచ్చు. అందుకు ఆ స్థానంలో అగ్రశ్రేణి జీతాల సగటో, అతని పాత జీతానికి 120 శాతమో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. కర్క్ కజిన్స్‌ను వాషింగ్టన్ ఇలా రెండుసార్లు ఆపింది. 2016లో దాదాపు 2 కోట్లు, 2017లో దాదాపు 2.4 కోట్లు. మూడో ఏడు అతను మిన్నెసోటాకు వెళ్లి మూడేళ్లకు 8.4 కోట్లు, ప్రతి డాలరుకూ గ్యారంటీతో, రాయించుకున్నాడు. వాషింగ్టన్‌కు డబ్బూ పోయింది, మనిషీ పోయాడు.

ఈ పాఠం అందరికన్నా ముందు డాలస్‌కు తెలియాలి. డాక్ ప్రెస్కాట్‌ను 2020లో ట్యాగ్‌తో ఆపారు. అక్టోబరులో చీలమండ విరిగింది. అయినా 2021 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్లు ఇవ్వక తప్పలేదు. 2024లో మళ్లీ చివరిదాకా నాన్చి, నాలుగేళ్లకు 24 కోట్లకు సంతకం పెట్టారు. పార్సన్స్‌తోనూ అదే నాన్చుడు, ఈసారి మనిషే చేజారాడు.

అపోహ: ఉచితంగా వదిలేస్తే చేతికి ఏమీ రాదు

కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయినవాళ్లకు సరిపడా కొత్తవాళ్లను తెచ్చుకోని జట్టుకు లీగ్ మరుసటి డ్రాఫ్ట్‌లో పరిహారపు పిక్‌లు ఇస్తుంది. 2014లో 1,845 యార్డులు పరిగెత్తిన డిమార్కో ముర్రేను డాలస్ 2015లో వెళ్లనిచ్చింది. ఆ ఏడాది పోయినవాళ్లకు బదులుగా 2016లో వచ్చిన పిక్‌లలో ఒకటి 135వది. దానితో తీసుకున్న కుర్రాడే డాక్ ప్రెస్కాట్.

అపోహ: జాబితాలో చివరి పేర్లు ఎవరివైతేనేం

వేసవిలో జట్టుకు 90 మంది ఉంటారు. ఆగస్టు చివరికి 53 మంది మిగలాలి. అంటే 32 జట్లలో కలిపి 1,184 మంది దాదాపు ఒకే సమయంలో ఉద్యోగం పోగొట్టుకుంటారు. ఆ ఉదయం శిక్షణ శిబిరంలో తిరిగే ఉద్యోగిని ఆటగాళ్లు ‘టర్క్’ అంటారు. అతను వచ్చి భుజం తట్టి, కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ తెచ్చుకో అన్నాడంటే పెట్టె సర్దుకోవాల్సిందే. 1994లో గ్రీన్‌బే అలా పంపించిన కర్ట్ వార్నర్ అయోవాలోని ఒక కిరాణా దుకాణంలో గంటకు ఐదున్నర డాలర్లకు రాత్రిళ్లు అరల్లో సరుకు సర్దాడు. 2000 జనవరిలో అతనే సూపర్‌బౌల్ ఉత్తమ ఆటగాడు.

ఆ చివరి చోట్ల గురించి జట్లు రాత్రంతా వాదించుకునేది ఇందుకే. 2000లో న్యూ ఇంగ్లండ్ జట్లు అరుదుగా చేసే పని చేసింది. ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు ఉండగానే నాలుగోవాణ్ని కూడా అట్టిపెట్టుకుంది. అతను 199వ పిక్, అదీ పరిహారంగా వచ్చిందే. ఆ ఏడాది మొత్తం మీద అతను విసిరినవి మూడు పాస్‌లు, చేరింది ఒకటి, వచ్చినవి ఆరు యార్డులు. పేరు టామ్ బ్రేడీ. ప్రాక్టీసులో కోచ్‌లు చూసింది స్కోరు పట్టీలో కనబడదు. అతన్ని ఆ ఆగస్టులో వదిలేసి ఉంటే తర్వాతి ఇరవై ఏళ్ల చరిత్ర వేరే ఊళ్లో రాసుకునేవాళ్లు.

అదే జట్టులో మాథ్యూ స్లేటర్ అని మరొకడు ఉండేవాడు. పేరుకు రిసీవర్, అసలు పని కిక్‌లప్పుడు పరిగెత్తి ప్రత్యర్థిని పడగొట్టడం. 2008 నుంచి 2023 దాకా 16 సీజన్లు ఆడి, పదిసార్లు లీగ్‌లోని మేటి ఆటగాళ్ల ‘ప్రో బౌల్’కు ఎంపికయ్యాడు. అంతకాలంలో అతను పట్టుకున్న పాస్ ఒక్కటే. న్యూ ఇంగ్లండ్ మాత్రం అతన్ని ఏ ఒక్క మార్చిలోనూ వదులుకోలేదు.